కీక్యాడ్‌లో స్కీమాటిక్‌కీ బోర్డుకీ లింక్ ఎలా పనిచేస్తుంది? ఎఫ్8 నొక్కే ముందు తెలుసుకోండి

ఫోన్ కాల్‌తో పొలం దగ్గర మోటారు ఆన్ చేసే రిలే బోర్డు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టం ఉన్నవాళ్లకి ఇంతకన్నా పనికొచ్చే ప్రాజెక్ట్ ఏముంటుంది? బ్రెడ్‌బోర్డు మీద బాగానే పనిచేసింది కదా అని, ఫ్రీగా దొరికే కీక్యాడ్‌లో స్కీమాటిక్ గీసి, లేఅవుట్ చేసి, ఎర్రర్లు సున్నా అని చూసుకుని ఆర్డర్ పెట్టేస్తారు. తీరా బోర్డులు చేతికొచ్చాక రిలే కదలదు. డబ్బులు పోయాయి, రోజులు పోయాయి. చాలాసార్లు కారణం స్కీమాటిక్‌కీ లేఅవుట్‌కీ మధ్య ఉన్న లింక్‌లోనే ఉంటుంది.

మన మూడు ఊళ్లనే తీసుకుందాం. ఏ ఊరి నుంచి ఏ ఊరికి బస్సు ఉందో కాగితం మీద రాసుకుంటే అది స్కీమాటిక్ లాంటిది. అందులో దూరాలు, మలుపులు ఉండవు. సూర్యాపేట నుంచి కోదాడకి 65వ నంబర్ హైవే, అక్కడి నుంచి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడకి 167వ నంబర్ హైవే ఉన్నాయి చూడండి, అది లేఅవుట్. ఏ పిన్ ఏ పిన్‌తో కలవాలో చెప్పే జాబితాని నెట్‌లిస్ట్ అంటారు. లేఅవుట్‌లో మొదట కనిపించే సన్నని గీతలు మ్యాప్ మీద స్కేలు పెట్టి ఊళ్లని కలిపినట్టే. రోడ్డు వేయాల్సింది మాత్రం మనమే.

కీక్యాడ్‌ని 1992లో ఫ్రాన్స్‌లో జాన్ పియర్ షరాస్ మొదలుపెట్టారు. పాత వెర్షన్లలో నెట్‌లిస్ట్‌ని ఫైల్‌గా సేవ్ చేసి, లేఅవుట్‌లో మళ్లీ లోడ్ చేయాల్సి వచ్చేది. 2018లో వచ్చిన 5వ వెర్షన్ నుంచి ఎఫ్8 నొక్కితే చాలు, స్కీమాటిక్‌లో మార్పులు నేరుగా బోర్డులోకి వస్తాయి. అయితే రెండూ ఒకే ప్రాజెక్ట్ విండో నుంచి ఓపెన్ చేయాలి. బోర్డు ఫైల్‌ని విడిగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఇది పనిచేయదు.

ఇప్పుడు అసలు విషయం. లింక్ బొమ్మని చూడదు, నంబర్లనే చూస్తుంది. స్కీమాటిక్ సింబల్‌లో 1వ పిన్ ఏదైతే, ఫుట్‌ప్రింట్‌లో 1వ ప్యాడ్ అదే అనుకుంటుంది. రిలేని నడిపే ట్రాన్సిస్టర్ సంగతే చూడండి. చదునైన ముఖం మనవైపు, కాళ్లు కిందికి పెట్టి ఎడమ నుంచి లెక్కిస్తే బీసీ547కి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి ఎమిటర్, బేస్, కలెక్టర్. సింబల్ ఒకదానిది పెట్టి, షాపులో రెండోది కొని సోల్డర్ చేస్తే కాళ్లు తారుమారు. ఫుట్‌ప్రింట్ రెండిటికీ ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్‌కి అనుమానమే రాదు, డీఆర్‌సీ కూడా పాస్ అవుతుంది. డయోడ్ కూడా అంతే. కీక్యాడ్ లైబ్రరీలో 1వ పిన్ క్యాథోడ్. ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరికిన ఫుట్‌ప్రింట్ తగిలిస్తే అదే క్రమం ఉంటుందని గ్యారంటీ లేదు. నా లెక్కలో డేటాషీట్ పక్కన పెట్టుకుని పిన్ నంబర్లు సరిచూసే పది నిమిషాలు, ఆటోరూటర్ కన్నా విలువైనవి.

ఇంకో చిక్కు ఉంది. ప్రతి సింబల్‌కీ కనబడని ఐడీ ఒకటి ఉంటుంది, బోర్డు మీద ఫుట్‌ప్రింట్ దాన్నే పట్టుకుని ఉంటుంది. అందుకే ఆర్1ని ఆర్7 అని పేరు మార్చినా అది పెట్టిన చోటే ఉంటుంది. కానీ ఆ సింబల్‌ని డిలీట్ చేసి, అదే పేరుతో కొత్తది పెడితే? పేరు పాతదే, ఐడీ కొత్తది. ఎఫ్8 కొట్టగానే కొత్త ఫుట్‌ప్రింట్ ఇంకోటి వచ్చి పడుతుంది. అప్పుడు ఆ డైలాగ్‌లో రిఫరెన్స్ పేర్లని బట్టి మళ్లీ లింక్ చేయమనే ఆప్షన్‌ని టిక్ చేయాలి. పని అయ్యాక టిక్ తీసేయండి. అది అలాగే ఉండగా నంబర్లన్నీ మళ్లీ వేశారో, ఒక రెసిస్టర్ స్థానంలోకి ఇంకోటి వచ్చి కూర్చుంటుంది.

అప్‌డేట్ బటన్ నొక్కే ముందు, ఏవి చేర్చబోతోందో, ఏవి తీసేయబోతోందో అదే డైలాగ్ చూపిస్తుంది. లైన్ లైన్ చదవండి. ఆ తర్వాత స్కీమాటిక్‌లో ట్రాన్సిస్టర్ మీద క్లిక్ చేస్తే బోర్డులో కూడా అదే సెలెక్ట్ అవుతుంది. అలా ఒక్కో పార్టూ చూసుకుంటూ వెళ్లండి. చివరగా లేఅవుట్‌ని 1:1 సైజులో ప్రింట్ తీసి, కొన్న పార్టులని ఆ కాగితం మీద పెట్టి చూశాకే ఆర్డర్ పెట్టండి.