‘జాబ్ వచ్చాక రాద్దాంలే’ అంటున్నారా?

మద్దిలపాలెం జంక్షన్‌కి దగ్గర్లోనే కృష్ణా కాలేజీ. కాస్త ముందుకెళ్తే ఆంధ్ర యూనివర్సిటీ, పిఠాపురం కాలనీ వైపు తిరిగితే కళాభారతి ఆడిటోరియం. ఈ చుట్టుపక్కల హాస్టళ్లలో ఉండి గ్రూప్స్‌కో, బ్యాంక్ పరీక్షలకో చదువుతున్నవాళ్లలో ఫోన్‌లో సగం కథ రాసి దాచుకున్నవాళ్లు ఉంటారు. వీణ ఇంటి దగ్గర వదిలేసి వచ్చినవాళ్లూ ఉంటారు. కదిపితే జవాబు ఒకటే: ‘ముందు జాబ్ రానీండి సార్, తర్వాత చూద్దాం.’

అమ్మానాన్నలు అనేదీ అదే. తప్పులేదు, కథలు రాస్తే ఇంటద్దె గడవదు కదా! చిక్కల్లా ఆ ‘తర్వాత’తోనే. జాబ్ వచ్చాక పెళ్లి, ఆపైన ఈఎంఐ, పిల్లల ఫీజులు, నాన్నకి షుగర్ టెస్టులు. ఖాళీ దానంతటది దొరకదు.

ఇదే ఊళ్లో కాళీపట్నం రామారావు, అందరూ పిలిచే పేరు కారా మాస్టారు, 1948 నుంచి 1979 వరకు సెయింట్ ఆంథోనీస్ హైస్కూల్లో పంతులుగా పనిచేశారు. చెప్పింది లెక్కలు, రాసింది కథలు. అవీ ఎక్కువేం కాదు. మధ్యలో కొన్నేళ్లు రాయడమే ఆపేశారు. మళ్లీ కలం పట్టాకే, 1960ల్లో, ‘యజ్ఞం’ వచ్చింది. ఓ పల్లెటూళ్లో అప్పు తగువు చుట్టూ తిరిగే ఆ కథ మీద ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉన్నాయి. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు దక్కింది. లెక్కల మాస్టారి పుస్తకం కదా, పేరులోనే అంకె ఉంది! రిటైరయ్యాక, 1997లో, తెలుగు కథలన్నీ ఒకచోట చేర్చాలని శ్రీకాకుళంలో కథానిలయం మొదలుపెట్టారు. పరీక్షల కోసం రాయడం ఆపేసిన ఏడాదిని తలచుకుని ‘ఇక నా పని అయిపోయింది’ అనుకునేవాళ్లు ఆయన ఆపేసిన ఆ కొన్నేళ్లను గుర్తుపెట్టుకోవాలి.

రావిశాస్త్రిది ఇంకో దారి. విశాఖలోనే వకీలు. మద్యనిషేధం రోజుల కోర్టులు, పోలీసులు, కేసుల్లో ఇరుక్కున్న పేదలు... ‘ఆరు సారా కథలు’ నిండా వాళ్లే. నల్లకోటు వేసుకోకపోయుంటే ఆ మనుషులు అంత దగ్గరగా ఆయనకి దొరికేవారా? అనుమానమే.

అందుకే ఉద్యోగం వెతుక్కునేటప్పుడు ప్యాకేజీతో పాటు ఇంకోటీ చూడండి. సాయంత్రం ఇంటికి చేరేసరికి మీలో ఎంత ఓపిక మిగులుతుంది? టీచర్‌కి సాయంత్రాలుంటాయి, వేసవి సెలవులుంటాయి. ఐటీలో అమెరికా క్లయింట్ కాల్ రాత్రి పదింటికి రావచ్చు. స్టీల్‌ప్లాంట్‌లో ఏ, బీ, సీ షిఫ్టులు మారుతుంటే రాసుకునే టైమ్ మాట అటుంచి, నిద్రపోయే టైమే మారిపోతుంది. సీ షిఫ్ట్ దిగి వచ్చి రెండు గంటలు బొమ్మలేస్తానని పట్టుబట్టడం గొప్ప కాదు, అప్పుడు నిద్రే ముఖ్యం. వారాంతపు సెలవు రోజుకి దాచుకోవడమే నయం.

ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లని, శుక్రవారం నమాజుకి వెళ్లేవాళ్లని, కార్తీక సోమవారం ఉపవాసం ఉండేవాళ్లని చూడండి. ‘తీరికైతే వెళ్తాం’ అనరు. ఆ వేళ వాళ్లది. ఇంట్లోవాళ్లకీ తెలుసు కాబట్టి అప్పుడు వేరే పని చెప్పరు. వీణకో, కథకో వారంలో అలాంటి గంట ఒకటి పెట్టుకుని అమ్మకి ముందే చెప్పేయండి. మొదట్లో సణుగుతారు, తర్వాత వాళ్లే గుర్తుచేస్తారు.

ఇక రూల్స్ సంగతి. చాలామందికి ఇది తెలీదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1964 ప్రవర్తనా నియమాల ప్రకారం అప్పుడప్పుడూ చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. ఆఫీసు పని మాత్రం దెబ్బతినకూడదు. యూట్యూబ్ ఛానెల్ పెట్టి నెలనెలా డబ్బు తీసుకోవడం వేరే వ్యవహారం, పైఅధికారిని రాతపూర్వకంగా అడగడమే క్షేమం. ప్రైవేటు కంపెనీలో అయితే ఆఫర్ లెటర్ మొత్తం చదవండి. ఉద్యోగంలో ఉండగా మీరు తయారుచేసిందల్లా కంపెనీదే అనే షరతు కొన్నింట్లో ఉంటుంది. మీ పాటలు, కథలు అందులోకి వస్తాయా అని సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడగండి, వచ్చిన జవాబు దాచుకోండి.