కుర్చీ మీది కండువా

కచేరీలో అడుగిడినంతనే మనకు మొదట దర్శనమిచ్చునది గుమాస్తాగారు కాదు, వారి కుర్చీకి తగిలించిన కండువా. బల్లపై పాత కళ్లజోడు, దాని ప్రక్కన తెరచియుంచిన ఫైలు. “అయ్యగారు ఇప్పటిదాకా ఇక్కడే ఉన్నారండీ” అని బంట్రోతు సాక్ష్యము పలుకును.

ఈ విద్య నేటిది కాదు. 1905లో మైసూరులో శామశాస్త్రిగారి కంటబడి, 1909లో అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రము, రాజధనము నపహరించు మార్గములను 40గా లెక్కించినది. వెనుక రాబట్టిన సొమ్మును ముందే రాబట్టినట్లు పద్దు వ్రాయుట వానిలో నొకటి. పదకొండున్నరకు వచ్చి హాజరుపట్టీలో పదిన్నర అని వ్రాయువారికి ఆ గ్రంథము చదువ నవసరము లేకపోయినది!

ఈ చిక్కు తీర్చుటకే 2014లో కేంద్రప్రభుత్వ కార్యాలయములలో వ్రేలిముద్రతో హాజరు తీసికొను యంత్రములను ప్రవేశపెట్టిరి. వ్రేలు వేళకు వచ్చి తీరవలెను. ముద్ర వేసిన మనిషి పిదప కాఫీ హోటలుకు దారితీసినచో యంత్రమేమి చేయగలదు? 2005 నాటి సమాచారహక్కు చట్టము 30 దినములలో ప్రత్యుత్తర మీయవలెనన్నది. సరిగా ముప్పదవ నాడు, “తమ విషయము పరిశీలనలో నున్నది” అని ప్రత్యుత్తరము పంపువారును కలరు.

వీటన్నిటికంటె సున్నితమైన ఉపాయము కొర్రీ. భర్తను పోగొట్టుకొన్న ఇల్లాలొకతె కుటుంబ పింఛనుకై అర్జీ పెట్టుకొన్నదనుకొందము. కావలసిన కాగితములన్నియు ఒక్కమారే అడిగినచో పని ముగిసిపోవును గదా! అందుచేత మొదట మరణ ధ్రువపత్రము అడుగుదురు. అది వచ్చిన పిదప పేరులో ఒక అక్షరము తేడా కనబడును. అది సరియైన పిదప బ్యాంకు పుస్తకము నకలు కావలసివచ్చును. కొర్రీ వ్రాసినపుడెల్ల గుమాస్తాగారి బల్ల ఖాళీ యగును, ఫైలు కదలినట్లు లెక్కకెక్కును. ఆమెకు మాత్రము మరియొక బస్సు ప్రయాణము, మరియొక నెల అప్పు.

లంచగొండి పట్టుబడినచో శిక్ష కలదు. కాసు ముట్టక కాలము హరించువానిని మాత్రము మనము దొంగ యనము. పైగా, “పాపము, చేయి చాపడు” అని మెచ్చుకొందుము. ఆ ఇల్లాలు పోగొట్టుకొన్న నెలలను ఏ పద్దులో వ్రాయవలెను?

ఇది విని నవ్వుకొన్నవారిలో కచేరీ ఉద్యోగులును ఉందురు. రేపు ఉదయము కుర్చీ నుండి లేవబోవుచు, కండువాను కూడ వెంట తీసికొనిపోవుదురు గాక. కనీసము వచ్చినవారికి, కుర్చీ ఖాళీగా నున్నదను నిజమైనను తెలియును.