గాజు సీసాలు, ఆడపడుచుల వాటా

కర్నూలు పాతబస్తీలో మాకు చిరకాలంగా పరిచయమున్న ఒక ఇంటి పెద్దాయన అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. నలభై ఏళ్లు అత్తరు వ్యాపారం చేసిన మనిషి. దుకాణం కట్టేశాక చేసే పని ఒక్కటే. పాత సామాన్ల అంగళ్లలో తిరిగి గాజు సీసాలు ఏరి తెచ్చుకోవడం. ఆయన పోయిన మూడు నెలలకు ఇంటివారు మేడమీది మూడు ట్రంకు పెట్టెలు తెరిచారు. లెక్కపెడితే రెండువందల పన్నెండు సీసాలు!

పాత సామాన్ల వ్యాపారి వచ్చి, పెట్టెలోకి ఒకసారి తొంగిచూసి, మొత్తానికి రెండు వేలిస్తానన్నాడు. పెద్దకొడుకు సరేననబోయాడు. ముగ్గురు ఆడపడుచులూ గుమ్మం దగ్గరే నిలబడ్డారు. "పాత సీసాల్లో మాకేం వాటా ఉంటుందిలే భాయ్, నీ ఇష్టం" అంది పెద్ద ఆపా. ఆ మాట వినగానే వాళ్ల అమ్మీ మమ్మల్ని పిలిపించారు. "మీరొకసారి చూసి చెప్పండి. ఆయన ప్రాణం పెట్టి కూడబెట్టినవి, తూకానికి పోవడం నాకిష్టం లేదు" అన్నారు.

ఇలాంటి పెట్టెలు మన ఇళ్లలో ఎన్ని లేవు! అందుకే ఆ రెండు రోజులు మేము చేసిన పనిని పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాం.

కడగకముందే చూడాలి

పాత వస్తువు కనబడగానే బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని తోమడం మన అలవాటు. సీసాల విషయంలో అది నష్టం. చిరిగిన కాగితపు చీటీ కూడా సీసా చరిత్ర చెబుతుంది. ఊరిపేరు, హకీంగారి పేరు, మందు పేరు దానిమీదే ఉంటాయి. చీటీ లేని వాటిని మాత్రం గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా సబ్బుతో కడిగాం. వేడినీళ్లు ఒక్కసారిగా పోస్తే పాత గాజు పగులుతుంది. ఎన్ని కడిగినా పోని తెల్లటి మసక కొన్నిటికి ఉంది. అది మురికి కాదు, ఏళ్ల తరబడి తేమ తగిలి గాజే చెడిపోవడం. దానివల్ల విలువ తగ్గుతుంది.

అడుగున ఏదైనా మిగిలి ఉన్న సీసాలను వాసన చూడలేదు, పిల్లలను దగ్గరికి రానీయలేదు. ముదురు నీలిరంగులో, పక్కలు గీతలు గీతలుగా ఉన్నవి నాలుగు దొరికాయి. అవి ఒకప్పటి విషపు మందుల సీసాలు. చీకట్లో చేయి తగిలినా గుర్తుపట్టాలని అలా గరుకుగా చేసేవారు. "లోపలికి తీసుకోరాదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు గాజులోనే పోతపోసి ఉన్నాయి.

వయసు చెప్పే గుర్తులు

తరువాత సీసాలను రకాలుగా విడదీశాం. అత్తరు బుడ్లు ఒకవైపు, పన్నీరు చల్లే గులాబ్‌పాష్‌లు ఒకవైపు, యునానీ మందులవీ షర్బత్తువీ మరొకవైపు, గోలీ సోడాలు ఇంకోవైపు.

సీసా పక్కన అచ్చు అతుకు గీతను వేలితో తడిమి చూడాలి. ఆ గీత మూతికి కిందనే ఆగిపోతే, మూతిని చేత్తో తీర్చారని అనుకోవచ్చు. మూతి అంచుదాకా సాగితే యంత్రం మీద చేసినది. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ పూర్తి స్వయంచాలక సీసాల యంత్రాన్ని 1903 ప్రాంతంలో నిలబెట్టాకే ఈ రెండో రకం లోకమంతా వ్యాపించింది. అయితే చేతిపని ఆ తరువాత కూడా చాలాకాలం సాగింది కనుక, ఒక్క గుర్తును పట్టుకుని తీర్పు చెప్పకూడదు. సీసా అడుగున గరుకైన మచ్చ ఉంటే, పని ముగిసేదాకా దాన్ని ఇనుప కడ్డీకి అతికించి పట్టుకున్నారని తెలుస్తుంది.

గోలీ సోడా సంగతీ అంతే. గొంతులో గోలీ ఉండే ఈ సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ 1872లో పేటెంటు పొందాడు. కానీ అలాంటి సీసాలు మన దేశంలోనూ చాలాకాలం తయారయ్యాయి. రూపం చూసి నూరేళ్ల నాటిదని చెప్పడం పొరపాటు. గోలీ కోసం పిల్లలు పగలగొట్టేవారు కనుక, మంచి పాతది చెక్కుచెదరకుండా దొరికితే దానికి గిరాకీ ఉంటుంది.

అత్తరు బుడ్ల దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. గాజు బిరడాను దాని బుడ్డి మూతికే సరిపోయేలా అరగదీస్తారు. ఒకదానిది ఇంకొకదానికి సరిగా కూర్చోదు. ఎవరో కడిగినప్పుడు బిరడాలు తారుమారు చేశారు. చిన్న ఆపా ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ముప్పైనాలుగు బుడ్లకు జతలు కలిపింది. బిరడా లేని బుడ్డి ధరకూ, తన బిరడాతో ఉన్న బుడ్డి ధరకూ చాలా తేడా ఉంటుంది.

కొన్ని సారా సీసాలు కూడా కనిపించాయి. పారేద్దామన్నారు అబ్బాయిలు. ప్రవక్త (స) మొదట్లో మత్తుపానీయాలు నానబెట్టే కొన్ని రకాల పాత్రలను వాడవద్దన్నారనీ, తరువాత వాటిని అనుమతిస్తూ నిషేధం మత్తుకే తప్ప పాత్రకు కాదని తెలిపారనీ హదీసుల్లో ఉంది. ఖాళీ సీసాల విషయం మసీదు ఇమాం సాహెబ్‌ను అడిగి నిర్ణయించుకోమన్నాం.

ధర కట్టేటప్పుడు నిజాయితీ

వయసు, రంగు, పోతపోసిన అక్షరాలు, అరుదుదనం, అన్నిటికన్నా ముఖ్యంగా దెబ్బ తగలకుండా ఉండటం - ధర వీటిమీద ఆధారపడుతుంది. ఒకరికొకరు సంబంధం లేని ఇద్దరు వ్యాపారులకు చూపించాం. ఎక్కడ పెచ్చు లేచిందో, ఎక్కడ బీట ఉందో మేమే ముందు చూపించాం. ధాన్యపు రాశిలో చేయిపెట్టి, లోపలి తడి చూసి, తడిసినది పైకి కనబడేలా ఉంచమని ప్రవక్త (స) ఆ వర్తకుణ్ణి మందలించిన సంఘటన మనందరికీ తెలిసిందే. సీసాకైనా అదే నియమం.

చట్టం మాట కూడా మరవకూడదు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులను సొంతంగా విదేశాలకు పంపకూడదు, వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. గల్ఫులో ఉన్న చిన్నకొడుకు వెంట తీసుకువెళతానన్న గులాబ్‌పాష్ అందుకే ఇంట్లోనే ఆగింది.

ఎనిమిది కుప్పలు

ఇద్దరు వ్యాపారుల లెక్కల మధ్యస్థంగా మొత్తం ఇరవై నాలుగు వేలు తేలింది. రెండు వేలకు పోవలసిన పెట్టెలు! అప్పులు, అమ్మీకి బాకీ ఉన్న మహర్ అప్పటికే తీర్చేశారు, వసీయత్ ఏదీ లేదు. ఇక మిగిలింది పంపకం.

ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా మగవారికీ ఆడవారికీ అందులో వాటా నిర్ణయమై ఉందని సూరా నిసాలో అల్లాహ్ స్పష్టం చేశాడు. కొంచెమైనా అన్న మాటను మనం ఎంత తేలిగ్గా మరచిపోతాం! భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో ఇద్దరు కొడుకులకు రెండేసి, ముగ్గురు కూతుళ్లకు ఒక్కొక్కటి. అంటే మొత్తం ఎనిమిది వాటాలు, వాటా మూడు వేలు. సీసాలను సమాన విలువగల ఎనిమిది కుప్పలుగా పేర్చి చీట్లు వేశాం. ప్రయాణానికి వెంట ఎవరు రావాలో తేల్చడానికి ప్రవక్త (స) తమ సతీమణుల మధ్య చీట్లు వేసేవారు కదా.

చీట్లు తీస్తుండగా మాకొక హదీసు గుర్తొచ్చింది. అంజషా అనే సేవకుడు పాటపాడుతూ ఒంటెలను వేగంగా తోలుతుంటే, వాటిమీద స్త్రీలున్నారు కనుక మెల్లగా నడపమని ప్రవక్త (స) చెప్పారు. అప్పుడు ఆ స్త్రీలను ఆయన గాజుపాత్రలతో పోల్చారు. సీసా పగిలితే చప్పుడవుతుంది. ఆడపడుచు మనసు పగిలితే చప్పుడు వినబడదు. "నాకేం వాటా ఉంటుందిలే భాయ్" అని తనే తప్పుకుంటుంది. దాన్ని మనం ఇష్టపడి వదులుకోవడమని చెప్పుకుంటాం.

చీట్లు ముగిశాక పెద్ద ఆపా తన కుప్పలోని చిన్న అత్తరు బుడ్డి బిరడా తీసి వాసన చూసింది. ఎన్నడో ఎండిపోయిన గులాబీ అత్తరు ఇంకా లోపల ఉంది. "అబ్బా చేతి వాసన" అంది. తరువాత ఎటూ చూడకుండా నెమ్మదిగా అడిగింది: "భాయ్, ఇల్లూ దుకాణం కూడా ఇలాగే చూద్దామా?"

గదిలో కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు. పెద్దకొడుకు తల వంచుకుని ఖాళీ ట్రంకు పెట్టె మూత వేశాడు. "వచ్చే జుమా నమాజు కాగానే కాగితాలు బయటికి తీస్తాను ఆపా" అన్నాడు.

మన మేడలమీద కూడా పెట్టెలున్నాయి. మన చెల్లెళ్లు కూడా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నారు. వాళ్లు అడిగేదాకా ఆగకుండా మనమే పిలిచి కూర్చోబెట్టే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.