తెల్ల యెలుకకు కావలసిన సామగ్రి

ఎలుకను పెంచుటకు కావలసిన సామగ్రిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని. ఈ మాట వినగానే మీలో కొందరు నవ్వుకొందురని యెరుగుదును. ఏటేట చేలలో ఎలుక బుట్టలు పెట్టించి కూలి చెల్లించు రైతునకు, ఆ జంతువునే యింట నుంచుకొని గింజలు వేయుమనుట వింతయే గదా! ఐనను పట్టణములలో చదువుకొను మనుమలు ముచ్చటపడి కొనుచున్న జంతువులలో నేడు తెల్ల యెలుకయు నొకటి. సెలవులకు వచ్చునపుడు వారు దానిని మీ యింటికి తెచ్చినచో ఏమి చేయవలయునో తెలిసియుండుట మంచిది. నేను తెలియకయే మొదలిడి నష్టపోతిని.

మా నివాసము విశాఖపట్టణమునందలి పాతనగరము. జనులు దానిని వన్ టౌన్ అందురు. రేవునకును, కురుపాం మార్కెట్టునకును దగ్గర. పాత మిద్దెలు, సరకుల కొట్లు, మురుగు కాలువలు గల చోటు కావున వీధి యెలుకలకు కొదువ లేదు. అట్టిచోట పైకమిచ్చి యెలుకను కొనితెచ్చితినని ఇరుగుపొరుగువారు నెలదినములు నవ్విరి. మనుమరాలి పోరు పడలేక తెచ్చితిని. అమ్మినవాడు అందముగా కనబడునని యొక గాజుపెట్టెను గూడ అంటగట్టెను. మే నెలలో నొకనాటి మధ్యాహ్నము ఆ పెట్టెలోనే అది ప్రాణము విడిచెను. "తాతా, నీళ్ళు పెట్టితిని గదా, ఏల చచ్చిపోయినది?" అని ఆ పిల్ల యడిగినపుడు నాయొద్ద సమాధానము లేకపోయెను.

తరువాత తెలిసికొంటిని. ఎలుకకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. వెండ్రుకలు పలుచనైన తోకనుండి దాని యొంటి వేడి వెలికి పోవలెను. గాలి కదలని గాజుపెట్టెలో ఆ వేడికి దారి లేదు. పైగా మూత్రమునుండి పుట్టు అమోనియా వాయువు అందే నిలిచి ఊపిరితిత్తులను చెరచును. కావున మొదటి వస్తువు ఇనుపతీగల పంజరము. రెండెలుకలకు 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు కావలెను. తీగల నడుమ సందు అరయంగుళమునకు మించరాదు. అడుగుభాగము మాత్రము రేకుదై యుండవలెను. ఎల్లప్పుడును తీగలపై నడచినచో పాదములు పుండ్లు పడును. కొయ్యపెట్టె పనికిరాదు. ఎలుక ముందుపండ్లు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును గాన అది కొరుకక మానదు. అందులకొక కొబ్బరిచిప్పను పడవేసిన చాలును.

రెండవది మట్టికుండ. దీనిని ఏ దుకాణమువాడును చెప్పలేదు, నాకు తోచినది. కుమ్మరివద్ద చిన్నకుండను కొని పంజరములో ప్రక్కకు వాల్చితిని. ఎలుక పగలు నిద్రించును. ఎఱ్ఱకన్నుల తెల్ల యెలుక వెలుతురు నసలే సహింపదు. ఆ కుండ కలుగును అగును, ఎండకాలమున చల్లదనమును ఇచ్చును. నీటికి గొట్టము గల సీసా మేలు. లేనిచో బోర్లపడని రాచ్చిప్ప. పరచుటకు కాగితపు చీలికలు, పాత నూలుగుడ్డ. వడ్రంగి చిత్రికల దుమ్మును, దేవదారువంటి వాసనకొయ్య పొట్టును దగ్గరకు రానీయకుడు. తడిసినదానిని ప్రతిదినమును తీసివేయవలెను.

ఇక ఆహారము. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదునకు తరలిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. కూనూరులో రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు వేర్వేరు ప్రాంతముల ప్రజల భోజనములను ఎలుకలకు పెట్టి చూచెను. గోధుమరొట్టె, పాలు, వెన్న, పప్పు, ఆకుకూరలు తిన్నవి పుష్టిగా పెరిగినవి. బియ్యము ప్రధానముగా గల మద్రాసు భోజనము తిన్నవి క్షీణించినవి. అది మన తిండి గుణము తెలియుటకు చేసిన పరీక్ష. విస్తరిలో మిగిలిన అన్నముతోనే యెలుకను సాకరాదని నాకు దానివలన తెలిసినది. పెరిగిన యెలుక దినమునకు 15 మొదలు 20 గ్రాములు తినును. గోధుమలు, జొన్నలు, ఉడికించిన పప్పుగింజలు, ఆకుకూర, అప్పుడప్పుడు గ్రుడ్డుముక్క చాలును. ఎలుకకు వాంతి చేసికొను శక్తి లేదు. పాడైన పదార్థము లోపలికి పోయినచో తిరిగి రాదు.

ఒంటరియెలుక బెంగపడును. రెండింటిని తెండు, కాని రెండును మగవియో, రెండును ఆడవియో కావలెను. లేనిచో మూడు వారముల గర్భముతో పదేసి పిల్లలు పుట్టును!

అన్నింటికంటె ముఖ్యమైనది పంజరమునకు పీట. ఇంటి తెల్ల యెలుకయు, రేవులలో తిరుగు గోధుమవన్నె యెలుకయు ఒకే జాతి. ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థ 1906 నుండి పరిశోధనలకై పెంచిన తెల్ల వంగడము ఆ జాతిదే. కావున వీధియెలుక రోగము దీనికి సులభముగా నంటును. వీధియెలుక మూత్రములో లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి యుండవచ్చును. అది మనుష్యులకు జ్వరమును, కామెరలను తెచ్చును. రేవులో నిలిచిన ఓడల త్రాళ్ళకు గుండ్రని రేకులు తొడిగియుండుట మీలో కొందరు చూచియే యుందురు. ఎలుకలు త్రాటివెంట ప్రాకకుండుటకే అవి. నేనును గోడకు దూరముగా నొక ఎత్తైన పీట వేసి, దాని నాలుగు కాళ్ళకును అట్టి రేకులు తొడిగించితిని. ఎలుకను ముట్టిన పిల్లలు సబ్బుతో చేతులు కడుగవలెను. కరచినచో గాయమును కడిగి వైద్యునికి చూపవలెను. తరువాత జ్వరము వచ్చినను ఇంట నెలుక గలదని ఆయనకు మొదటనే చెప్పుడు.

ఎలుక బ్రదుకు రెండు మూడేండ్లే. రెండవమారు తెచ్చిననాడే ఈ మాట మనుమరాలితో చెప్పితిని. ఆ జంటలో నొకటి పోయినది. రెండవది ముసలిదై పై యరకు ఎక్కలేకున్నది. అందుచేత కుండను క్రిందికి దింపి, నీటిచిప్పను దాని ముంగిటనే పెట్టినాము.