ప్రేక్షకుడు వెనక్కి తిరిగితే?

వీఆర్ అనగానే మనకి ముందు గేమ్స్ గుర్తొస్తాయి. కానీ చిత్రకారులు, నాటకాలవాళ్లు కూడా దీన్ని చాలా ఏళ్లుగా వాడుతున్నారు. మన సీఎస్‌ఈ వాళ్లం ఇటువైపు వస్తే మొదట అడిగేది, "యూనిటీ నేర్చుకోవాలా, అన్‌రియల్ నేర్చుకోవాలా?" అని. దానికన్నా ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీ సీన్‌లో హీరోయిన్ ఏడుస్తుంటే ప్రేక్షకుడు వెనక్కి తిరిగి గోడ చూస్తున్నాడు. అప్పుడేం చేస్తారు?

సినిమాలో ఈ గొడవ లేదు. డైరెక్టర్ క్లోజప్ పెడితే మనం ఆ ముఖమే చూస్తాం. వీఆర్‌లో ఎటు చూడాలో ప్రేక్షకుడిదే ఇష్టం. అందుకే ఇది సినిమాకన్నా మన బుర్రకథకి దగ్గర. అక్కడ కట్ లేదు, జూమ్ లేదు. కథకుడు అడుగులు వేస్తూ, తంబురా మీటుతూ, గొంతు పెంచుతూ తగ్గిస్తూ జనం చూపుని తనవైపు లాక్కుంటాడు. వీఆర్‌లో మన టూల్స్ కూడా అవే: శబ్దం, వెలుగు, కదలిక.

వెనక ఎడమవైపు తలుపు కిర్రుమంటే ఎవరైనా తిరిగి చూస్తారు. ఆ చప్పుడు ఎడమ చెవికి కాస్త ముందుగా, కాస్త గట్టిగా చేరుతుంది కాబట్టి దిక్కు తెలుస్తుంది. స్పేషియల్ ఆడియో చేసేది ముఖ్యంగా ఇదే. ఇంకో ఉపాయం, ప్రేక్షకుడు చూసేదాకా కథని ఆపడం. తల ఎటు తిరిగిందో ఒక యూనిట్ వెక్టర్, పాత్ర ఎటు ఉందో ఇంకొకటి. రెండిటి డాట్ ప్రొడక్ట్ 1కి దగ్గరైతే అటే చూస్తున్నట్టు. అప్పుడు డైలాగ్ మొదలుపెట్టొచ్చు. ఇంటర్‌లో మార్కుల కోసం చదివిన లెక్క ఇక్కడ నాటకానికి పనికొస్తుంది!

రెండో విషయం, ప్రేక్షకుడి ఒళ్లు. కళ్లు "కదులుతున్నాం" అంటుంటే లోపలి చెవి "లేదు" అంటే తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది. అందుకే కెమెరాని మన ఇష్టమొచ్చినట్టు పరిగెత్తించకూడదు. 90 హెర్ట్జ్ హెడ్‌సెట్ అయితే ఒక్కో ఫ్రేమ్ సుమారు 11 మిల్లీసెకన్లలో తయారవ్వాలి, అదీ రెండు కళ్లకీ. ఇక్కడ ఆప్టిమైజేషన్ అంటే ఎదుటి మనిషికి ఇబ్బంది కలగకుండా చూసుకోవడం.

ఒంటినే కళలో భాగం చేసినవాళ్లూ ఉన్నారు. కెనడా కళాకారిణి చార్ డేవిస్ 1995లో 'ఓస్మోస్' చేశారు. అందులో జాయ్‌స్టిక్ లేదు. ఛాతీకి కట్టిన సెన్సర్ ఊపిరిని కొలుస్తుంది. గాలి పీలిస్తే పైకి తేలతారు, వదిలితే కిందికి దిగుతారు. లోపలున్న మనిషి నీడ ఒక తెర మీద పడుతుంది, బయటున్నవాళ్లు చూస్తుంటారు. తోలుబొమ్మలాట గుర్తొచ్చింది కదా? 2020లో కోవిడ్‌తో థియేటర్లు మూతపడ్డప్పుడు టెండర్ క్లాస్ అనే అమెరికన్ స్టూడియో షేక్‌స్పియర్ 'టెంపెస్ట్'ని వీఆర్‌లో లైవ్‌గా ఆడించింది. నటులు తమ ఇళ్ల నుంచే ఆడారు. ప్రేక్షకులు మాట్లాడలేరు, చిటికెలు మాత్రం వేయగలరు. నటుడు ఆ కొద్దిమందినీ కథలో కలుపుకుంటూ పోతాడు.

హెడ్‌సెట్ లేదు కదా అని ఆగక్కర్లేదు. 2015లో మొజిల్లా నుంచి వచ్చిన ఏ-ఫ్రేమ్ ఉచితం. హెచ్‌టీఎంఎల్ ట్యాగుల్లాంటి వాటితోనే త్రీడీ సీన్ కట్టొచ్చు, లాప్‌టాప్ బ్రౌజర్‌లో మౌస్‌తో చుట్టూ తిప్పి చూసుకోవచ్చు. త్రీడీ బొమ్మలు చేసుకోవడానికి బ్లెండర్ కూడా ఉచితమే.

కానీ కోడ్ రాసేముందు ఒక పని చేయండి. గది మధ్యలో తిరిగే కుర్చీ వేసి ఒక ఫ్రెండ్‌ని కూర్చోబెట్టండి. మిగతావాళ్లు చుట్టూ నిలబడి రెండు నిమిషాల కథ ఆడండి. "ఇటు చూడు" అని మాత్రం ఎవరూ అనకూడదు. ఫ్రెండ్ ఎప్పుడు తిరిగాడో, ఏది మిస్ అయ్యాడో రాసుకోండి. మీ మొదటి వీఆర్ స్క్రిప్ట్ ఆ కాగితమే.