లారీకి ఎడమ పక్కన ఎవరున్నారు?

పత్తి బోరేలు ఎత్తిన లారీని వెనక నుంచి చూస్తే బండి కనబడదు, బోరేలే కనబడతాయి. పత్తి తేలిక, కానీ చోటు చాలా తీసుకుంటుంది. అందుకే రెండు పక్కలా బాడీ దాటి ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బుకు వెనక ఏం వస్తోందో డ్రైవరు పక్కనున్న అద్దం చెప్పలేదు. మిరప టిక్కీల లారీ అంతగా ఉబ్బదు. కాకపోతే ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చియార్డు దారుల్లో అలాంటి లారీలు బారులు తీరి ఉంటాయి. వాటి సందుల్లోంచే బైకులు దూరుతుంటాయి, కోతకూలీలను కుక్కుకున్న ఆటోలు వెళ్తుంటాయి.

మన దేశంలో స్టీరింగు కుడివైపు ఉంటుంది. ఎడమ తలుపు కింద, ముందు చక్రం పక్కన నిలబడిన మనిషి డ్రైవరు కంటికి నేరుగా ఆనడు. ఇన్నాళ్లూ ఈ లోటును పూడ్చింది క్లీనరు. తల బయటపెట్టి చూసి, బాడీ మీద చేత్తో కొట్టి, "రానీ... రానీ... ఆపు" అంటూ బండిని వెనక్కి తెచ్చేవాడు. ఇప్పుడు చాలా లారీలు క్లీనరు లేకుండానే తిరుగుతున్నాయి. అతని చోటు ఖాళీ అయింది గానీ అతను చేసిన పని అలాగే మిగిలిపోయింది.

అద్దాల బదులు కెమెరాలు, తెరలు పెట్టే పద్ధతిని మన ప్రాంతం కోసం పరిశీలించాల్సింది ఈ పని దృష్టితోనే అని నా అభిప్రాయం. వాహనాల వెనక, పక్క దృశ్యాలకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 46వ నిబంధన 2016లో దీనికి దారి తెరిచింది. నిర్దేశించిన పరీక్షలన్నీ నెగ్గితే అద్దాలు పూర్తిగా తీసేసి కెమెరాలు పెట్టవచ్చంది. జపాన్ కూడా అదే ఏడాది ఒప్పుకుంది. 2018లో మెర్సిడెస్ తన ఆక్ట్రోస్ లారీని పెద్ద అద్దాలు లేకుండా చూపించింది. అమెరికా అద్దాల నిబంధనను వదలలేదు గానీ, 2019లో స్టోన్‌రిడ్జ్ సంస్థ కెమెరాలు పెట్టుకున్న లారీలకు మినహాయింపు ఇచ్చింది.

అద్దానికి వచ్చిన లోపమేమిటో పదో తరగతి భౌతికశాస్త్రం చెబుతుంది. ఎక్కువ మేర కనబడాలంటే అద్దం కుంభాకారంగా ఉండాలి. కుంభాకార దర్పణంలో ప్రతిబింబం చిన్నదవుతుంది. పెద్ద లారీల ప్రధాన అద్దానికి వక్రతా వ్యాసార్ధం 1,200 మిల్లీమీటర్లకు తగ్గకూడదని 46వ నిబంధన చెబుతుంది. ఎడమ అద్దం డ్రైవరు కంటికి 2 మీటర్ల దూరంలో ఉందనుకుని లెక్క కట్టండి. అద్దానికి 20 మీటర్ల వెనక వస్తున్న బైకు, సమతల దర్పణంలోనైతే దాదాపు 90 మీటర్ల అవతల ఉన్నప్పుడు ఎంత కనబడుతుందో అంతే కనబడుతుంది. మరింత వెడల్పు చూపే రెండో అద్దానికి 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధం దాకా అనుమతి ఉంది. అందులో అదే బైకు 290 మీటర్ల దూరాన ఉన్నంత చిన్నది. అనుభవమున్న డ్రైవరు మనసులోనే ఈ లెక్క సరిచేసుకుంటాడు. రాత్రంతా బండి తోలి తెల్లవారుజామున చిలకలూరిపేట దాటుతున్నవాడు ప్రతిసారీ సరిచేసుకోగలడా?

కెమెరాలో వెడల్పు కోసం ప్రతిబింబాన్ని అంతగా కుదించక్కర్లేదు. క్యాబిన్ పైకప్పు దగ్గర చిన్న చేయి మీద కెమెరా ఉంటుంది. లోపల ముందు గాజు పక్కనున్న స్తంభానికి తగిలించిన తెర మీద పైభాగంలో దూరపు రోడ్డు, కింది భాగంలో దగ్గరి పక్క కనబడతాయి. వెనక బండి ఎంత దూరంలో ఉందో తెలియడానికి అడ్డగీతలు గీయవచ్చు. వెనకనుంచి పడే హెడ్‌లైట్ల వెలుగును తగ్గించి, చీకట్లో ఉన్నదాన్ని కాస్త వెలిగించి చూపవచ్చు. ఇంకో లాభం గురించి తక్కువ మంది మాట్లాడతారు. పెద్ద లారీ అద్దాలు నిలువెత్తున ఉండి, కూడలిలో రోడ్డు దాటే మనిషిని పూర్తిగా కప్పేస్తాయి. అవి పోతే ఆ మేర డ్రైవరు నేరుగా చూడగలడు.

అమ్మేవాళ్లు ముందుగా చెప్పే లాభం డీజిలు ఆదా. పెద్ద అద్దాలకు తగిలే గాలి నిరోధం వేగం వర్గంతో పాటు పెరుగుతుంది కాబట్టి యూరప్ రహదారుల మీద ఆ వాదనకు బలం ఉంది. వినుకొండ, మార్కాపురం దారుల్లో ఊరూరా స్పీడ్‌బ్రేకర్ ఎక్కి దిగే లారీకి మిగిలేది స్వల్పం.

ఇక ఇబ్బందులు. అద్దం కిటికీలాంటిది, తెర గోడకు వేలాడే పటంలాంటిది. అద్దం ముందు తల కాస్త ముందుకు వంచితే ఇంతవరకు కనబడని మేర కనబడుతుంది. మన డ్రైవర్లు మలుపుల్లో చేసేది అదే. తెర ముందు ఎంత వంగినా చిత్రం మారదు. నలభై దాటిన డ్రైవర్లకు చత్వారం మరో సమస్య. దూరపు రోడ్డు మీద నిలిచిన చూపు, దగ్గరగా ఉన్న కుడి తెర మీదికి వచ్చి కుదురుకోవడానికి సమయం పడుతుంది. అలవాటు కుదరని చోట దూరం అంచనా కూడా తప్పవచ్చు. మెర్సిడెస్ 2022లో తెచ్చిన రెండో తరంలో కెమెరా చేతులను ఒక్కో పక్క 10 సెంటీమీటర్లు పొట్టి చేసింది. దృశ్యం పాత అద్దంలో కనబడినట్టే ఉండాలన్నది అందులో ఒక ఉద్దేశం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మన దుమ్ము. అద్దం మీద మట్టి పడితే ఓ మూల మసకబారుతుంది, మిగతాది పనిచేస్తుంది. చిటికెన వేలి గోరంత కటకం మీద అదే మట్టి పడితే సగం దృశ్యం పోతుంది. యార్డులో మిరప దుమ్ము, జిన్నింగ్ మిల్లు ముందు పత్తి నూగు, వాన పడితే నల్లరేగడి బురద కలిసి అక్కడ అంటుకుంటాయి. అద్దాన్ని పాత గుడ్డతో తుడిచినట్టు కటకాన్ని పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. అది ఉండేది క్యాబిన్ నెత్తిన, నేల మీద నిలబడితే చేయి అందదు. పైగా మన ఎండ. రెంటచింతల పేరు వేసవి వార్తల్లో ఏటా వినిపిస్తుంది. అద్దాలన్నీ మూసి ఎండలో నిలిపిన క్యాబిన్‌లో తెర వేడి బయటి ఉష్ణోగ్రతను మించిపోతుంది.

ఆమోదం పొందిన వ్యవస్థకూ బజారులో దొరికే కెమెరాకూ తేడా నిబంధన పెట్టే షరతుల్లో తెలుస్తుంది. కెమెరా ముందు జరిగినది తెర మీదికి రావడానికి 200 మిల్లీసెకన్ల లోపే పట్టాలని 46వ నిబంధన కోరుతుంది. మీకన్నా గంటకు 30 కిలోమీటర్ల వేగం ఎక్కువగా వస్తున్న బైకు ఆ కాస్త వ్యవధిలోనే 1.7 మీటర్లు దగ్గరవుతుంది. అంటే దాదాపు బైకు పొడవంత. సాధారణ పరిస్థితుల్లో సెకనుకు కనీసం 30 చిత్రాలు రావాలి. వ్యవస్థ పనిచేయకపోతే ఆ సంగతి డ్రైవరుకు తెలియాలి. తెర నల్లబడితే ఎవరైనా గుర్తిస్తారు. చిత్రం కదలకుండా నిలిచిపోతేనే ప్రమాదం. రోడ్డు ఖాళీగా ఉన్నట్టే కనబడుతుంది మరి. ఇంజిన్ ఆపాక కూడా కనీసం 120 సెకన్లు తెర వెలగాలి. తలుపు తెరిచి దిగేవాడు వెనక నుంచి బైకు వస్తోందేమో చూసుకోవడానికి ఆ వ్యవధి.

మన దగ్గర పక్క అద్దాలకు ఏఐఎస్-001, వాటి అమరికకు ఏఐఎస్-002 ప్రమాణాలు ఉన్నాయి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని సొంతంగా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. కాబట్టి ఆటోనగర్‌లో అద్దాలు ఊడబీకించి చౌక కెమెరాలు పెట్టించుకోవడం తప్పు, ప్రమాదం కూడా. అద్దాలు ఉంచుకుంటూనే, ఎడమ ముందు చక్రం పక్కను చూపే కెమెరాను అదనంగా చేర్చుకోవడం నేటికి తెలివైన పని. పక్కకు వచ్చిన సైకిలును పసిగట్టి హెచ్చరించే వ్యవస్థలకు ఏఐఎస్-186 ప్రమాణం ఇప్పటికే ఉంది. క్లీనరు వదిలిన పనికి అది మరింత దగ్గర.

పూర్తిగా అద్దాల్లేని లారీలు, ఆర్టీసీ బస్సులు ఇటు వచ్చే రోజుకు పుణెలో వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ ప్రయోగశాలలో నెగ్గడంతో సరిపెట్టకూడదు. మార్చిలో మిర్చియార్డు లోపల, జనవరి పొగమంచులో ఒంగోలు రహదారి మీద, మే మధ్యాహ్నం మాచర్ల దారిలో వాటిని తిప్పి చూడాలి. కటకం ఎన్ని గంటలకు మసకబారుతోందో, దాన్ని తనంతట తాను కడుక్కునే ఏర్పాటు ఉందో లేదో రాసిపెట్టాలి. చత్వారం ఉన్న డ్రైవర్లను ఆ సీట్లో కూర్చోబెట్టి అడగాలి. ఆ జవాబులు అందాకే అద్దం తీయాలి.