తీగ చుట్టూ ఎంత అయస్కాంతం? ప్లాట్‌ఫారం నుంచి రొయ్యల చెరువు దాకా ఒక లెక్క

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వెళ్తే రొయ్యల చెరువుల గట్ల మీద ట్రాన్స్‌ఫార్మర్లు కనిపిస్తూనే ఉంటాయి. వాటిలో 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి పూర్తి లోడు మీద నడుస్తోందనుకుందాం. పైనుంచి దానికి వచ్చే 11,000 వోల్టుల తీగల్లో ఒక్కోదాంట్లో పారే కరెంటు 5.25 ఆంపియర్లు. అదే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్టార్టర్ బోర్డులకు దిగే 433 వోల్టుల తీగల్లో ఒక్కోదాంట్లో 133 ఆంపియర్లు. భయపడేది మాత్రం అందరూ పై తీగకే. షాకు విషయంలో ఆ భయం సరైనదే. అయస్కాంత క్షేత్రం దగ్గరికి వచ్చేసరికి వరస తిరగబడుతుంది. ఆ లెక్కలో వోల్టేజికి చోటే లేదు. తీగలో ఎంత కరెంటు పారుతోంది, మనం ఎంత దూరంలో ఉన్నాం, వెళ్ళిన కరెంటు ఏ దారిన తిరిగొస్తోంది అన్న మూడే లెక్కకు వస్తాయి.

మొదటి రెండింటికీ గుర్తుపెట్టుకోదగ్గ సూత్రం ఒకటుంది. పొడవాటి ఒంటి తీగలో కరెంటును ఆంపియర్లలో తీసుకుని, మనకూ తీగకూ మధ్య దూరాన్ని మీటర్లలో తీసుకుని, మొదటిదాన్ని రెండోదానితో భాగించి 0.2తో గుణిస్తే క్షేత్రం మైక్రోటెస్లాలలో వస్తుంది. 6 మీటర్ల ఎత్తున ఉన్న 11 కేవీ తీగను ఒంటరిగా లెక్కేస్తే 0.175 మైక్రోటెస్లాలు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి దిగే తీగకు మీటరు దూరంలో నిలబడితే 26.6. మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు. అది దిశ మారని స్థిర క్షేత్రం, తీగది సెకనుకు 50 ఆవృత్తాల చొప్పున ఊగే క్షేత్రం. కాబట్టి ఈ పోలిక పరిమాణం తెలియడానికే తప్ప ప్రభావాలు తూచడానికి పనికిరాదు.

ఈ 0.2 ఎక్కడిది? దూరంతో ఒక్కసారే ఎందుకు భాగిస్తున్నాం, వర్గంతో ఎందుకు కాదు? ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో ఈ ప్రశ్న వచ్చినప్పుడు చాలామంది పిల్లలు సూత్రాన్ని బట్టీపట్టి దాటేస్తారు. అక్కడే ఆగి చూడాల్సింది ఉంది.

1820 జూలైలో డెన్మార్క్‌లో ఓర్‌స్టెడ్ తన పరిశీలన ప్రకటించాడు. కరెంటు పారే తీగ పక్కన పెడితే దిక్సూచి ముల్లు తిరుగుతోందని. అదే ఏడాది అక్టోబరు 30న పారిస్‌లో బయో, సవర్ అనే ఇద్దరు తమ కొలతలు చదివి వినిపించారు. వారి పేరుతో ఈనాడు పాఠ్యపుస్తకాల్లో ఉన్న నియమం తీగనంతా ఒకేసారి పట్టించుకోదు. తీగను చిన్నచిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క మన దగ్గర ఎంత క్షేత్రం కలిగిస్తుందో చెబుతుంది. ముక్క ఇచ్చేది దానిలోని కరెంటుకూ దాని పొడవుకూ అనులోమానుపాతంలో ఉంటుంది, దాని దూరపు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. ముక్క మనకు ఏటవాలుగా ఉంటే ఆ కోణపు సైన్ మేరకు మరింత తగ్గుతుంది.

దీన్ని రాజమండ్రి స్టేషన్లో పెట్టి చూద్దాం. పట్టాల మీద సుమారు ఐదున్నర మీటర్ల ఎత్తున 25,000 వోల్టుల తీగ ఉంది. ప్రయాణికుల రైళ్ళను లాగే డబ్ల్యూఏపీ-7 ఇంజిన్ శక్తి 6,350 హార్స్‌పవర్, అంటే దాదాపు 4.7 మెగావాట్లు. 25,000 వోల్టులతో భాగిస్తే సుమారు 190 ఆంపియర్లు. లెక్క తేలిగ్గా ఉండేందుకు 200 అనుకుందాం. రైలు మన ముందునుంచి వెళ్ళి చాలా దూరం చేరింది, సరఫరా మాత్రం అవతలి వైపు నుంచి మన ముందున్న తీగ మీదుగానే దానికి అందుతోంది. ట్రాకు మధ్య నుంచి 4 మీటర్లు వెనక్కి, ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషి తలకూ ఆ తీగకూ దూరం దాదాపు 5 మీటర్లు.

తీగను మీటరు ముక్కలుగా కోద్దాం. తలకు అతి దగ్గరగా ఉన్న ముక్క ఇచ్చేది 0.8 మైక్రోటెస్లాలు. అక్కడి నుంచి తీగ వెంబడి 5 మీటర్లు జరిగితే అక్కడి ముక్క ఇచ్చేది 0.28. పది మీటర్లు జరిగితే 0.07. పదిహేను మీటర్ల దగ్గర 0.025. యాభై మీటర్ల దగ్గరి ముక్కది 0.0008, అంటే మొదటి ముక్కలో వెయ్యో వంతు. అన్నిటి దిశా ఒకటే కాబట్టి నేరుగా కూడుకోవచ్చు. మీటరు ముక్కల బదులు సెంటీమీటరు ముక్కలు, ఆపైన అంతకంటే సన్న ముక్కలు తీసుకుంటూ పోతే ఆ కూడికే సమాకలనం అవుతుంది.

దీన్ని కాగితం మీద తేల్చడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. ముక్క ఎన్ని మీటర్ల అవతల ఉందో రాసే బదులు, అది మన తల దగ్గర ఎంత కోణంలో కనిపిస్తోందో రాయాలి. అలా మార్చగానే చిక్కుగా ఉన్న వర్గాలూ వర్గమూలాలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని కోణపు కొసైన్ ఒక్కటే మిగులుతుంది. కొసైన్‌ని సమాకలనం చేస్తే సైన్. అనంతంగా పొడవున్న తీగ ఒక చివర మైనస్ 90 డిగ్రీల్లో, మరో చివర ప్లస్ 90 డిగ్రీల్లో కనిపిస్తుంది. సైన్ విలువ మైనస్ 1 నుంచి ప్లస్ 1కి మారుతుంది, తేడా 2. ఒక్కో ముక్క లెక్కలో ఉండే 0.1 ఈ 2తో కలిసి 0.2 అయింది. దూరపు వర్గంలో ఒక దూరం ఎటు పోయిందంటే, దూరం పెరిగేకొద్దీ మన మీద లెక్కకు వచ్చేంత ప్రభావం చూపే తీగ పొడవు కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది. ఒక్కో ముక్క బలహీనపడినా ఎక్కువ ముక్కలు పనిలోకి వస్తాయి. ఆ రెండూ కలిసి వర్గాన్ని ఒక మెట్టు దించేశాయి. నా మటుకు ఈ అధ్యాయంలో అన్నిటికంటే అందమైన సంగతి ఇదే.

200 ఆంపియర్లు, 5 మీటర్లు: మొత్తం 8 మైక్రోటెస్లాలు. ఇందులో 90 శాతం అటూ ఇటూ పదేసి మీటర్ల తీగ నుంచే వస్తుంది. 35 మీటర్ల చొప్పున తీసుకుంటే 99 శాతం. అంటే ‘అనంతమైన తీగ’ అని పుస్తకం రాసినప్పుడు బెదరక్కర్లేదు, ఈ లెక్కకు మూడు బోగీల పొడవు తీగ చాలు. కొవ్వూరు, రాజమండ్రి మధ్య ఆర్చి వంతెన పొడవు దాదాపు 2.7 కిలోమీటర్లు. దాని నడిమధ్య, తీగకు 20 మీటర్ల దూరంలో పడవలో ఉన్నవారికి వంతెన మీది తీగను మాత్రమే లెక్కేసినా తప్పు పదివేలలో ఒక వంతు.

ఇంజిన్ సరిగ్గా మన ఎదురుగా ఆగి ఉండి పూర్తి శక్తితో అప్పుడే కదులుతుంటే? కరెంటు ఒకవైపు నుంచే వచ్చి ఇంజిన్లోకి దిగిపోతుంది, అవతలి వైపు తీగలో ఏమీ పారదు. సమాకలనం సున్నా డిగ్రీల నుంచి 90 దాకానే. తీగ వంతు సగానికి, 4 మైక్రోటెస్లాలకు పడిపోతుంది. దగ్గరున్నది భారీ ఇంజిన్ కదా, క్షేత్రం ఎక్కువ ఉంటుందనుకుంటే తీగ వరకూ ఆ ఊహ తప్పు.

ఇక మూడో సంగతి, తిరుగుదారి. తీగలో వెళ్ళిన 200 ఆంపియర్లూ ఇంజిన్ చక్రాల గుండా పట్టాల్లోకి దిగి సబ్‌స్టేషన్‌కు తిరిగి రావాలి. కొంత నేలలోకి జారుకుంటుంది, ఆ భాగాన్ని ఇక్కడ వదిలేద్దాం. పైన తీగ, కింద పట్టాలు, రెండింట్లో కరెంటు ఎదురెదురు దిశల్లో. రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని వెంటనే అనిపిస్తుంది. కానీ ప్లాట్‌ఫారం మీది మనిషి తల ఆ రెండింటికీ మధ్య ఎత్తులో ఉంది. అక్కడ నిలువు భాగాలు చాలావరకు రద్దవుతాయి, అడ్డ భాగాలు కలిసిపోతాయి. దిశలతో సహా కూడితే మొత్తం 9.3 మైక్రోటెస్లాలు, ఒంటి తీగ కంటే ఎక్కువే. రద్దు కనిపించాలంటే దూరం వెళ్ళాలి. ట్రాకుకు 50 మీటర్ల అవతల ఉన్న ఇంట్లో ఒంటి తీగ లెక్క 0.8 చెబుతుంది. పట్టాలతో కలిపి చూస్తే 0.09. జంట తీగల క్షేత్రం దూరపు వర్గంతో తగ్గుతుంది. సమాకలనం దించిన ఆ మెట్టును తిరుగుదారి మళ్ళీ ఎక్కిస్తుంది.

మూడు ఫేజుల లైన్లకూ ఇదే వర్తిస్తుంది. వేమగిరి సబ్‌స్టేషన్ 400 కేవీది. ఆ స్థాయి లైను పొలం మీదుగా వెళ్ళేటప్పుడు అతి కింది తీగకూ నేలకూ మధ్య కనీసం 8.84 మీటర్లు ఉండాలని నిబంధన. మూడు తీగలు ఒకే ఎత్తున, 11 మీటర్ల ఎడంతో, ఒక్కోదాంట్లో 400 ఆంపియర్లతో ఉన్నాయనుకుని, తీగలు బాగా వేలాడే చోట సరిగ్గా కింద, నేల నుంచి మీటరు ఎత్తున లెక్కేస్తే సుమారు 10.7 మైక్రోటెస్లాలు వస్తాయి. పక్కకు 50 మీటర్లు జరిగితే 0.6. వంద మీటర్ల దగ్గర 0.15. చేలో నారు పోసే మనిషికీ, రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషికీ తగిలేది ఇంచుమించు ఒకటే అన్నమాట.

ఈ అంకెలు ఎక్కువా తక్కువా అని అడగడం సహజం. అయనీకరణ చెందించని వికిరణాలపై పనిచేసే అంతర్జాతీయ కమిషన్ 2010లో సాధారణ ప్రజలకు, 50 హెర్ట్జ్ వద్ద, సూచించిన పరిమితి 200 మైక్రోటెస్లాలు. అంతకుముందు 1998లో అది 100 ఉండేది. మరోవైపు, 2002లో క్యాన్సర్ పరిశోధనల అంతర్జాతీయ సంస్థ ఈ క్షేత్రాలను ‘క్యాన్సర్ కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చింది. సగటున 0.3 నుంచి 0.4 మైక్రోటెస్లాలకు మించిన ఇళ్ళలో పిల్లలకు రక్త క్యాన్సర్ కాస్త ఎక్కువగా కనిపించిందన్న అధ్యయనాలు అందుకు ఆధారం. అదే కారణమని చెప్పేంత బలం ఆ సాక్ష్యాలకు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తేల్చింది. లైను కింద కాసేపు పనిచేయడాన్నీ, ఏళ్ళ తరబడి లైను పక్కనే నిద్రపోవడాన్నీ ఒకటిగా చూడకూడదు. ఇల్లు కట్టుకునేవారు లైనుకు దూరం పాటించడంలో తప్పేమీ లేదు. వర్గంతో తగ్గేది కాబట్టి దూరాన్ని రెట్టింపు చేస్తే క్షేత్రం నాలుగో వంతవుతుంది.

అయితే డెల్టాలో కరెంటు ప్రాణాలు తీసే చోటు ఆ పెద్ద లైను కింద కాదు, చెరువు గట్టున. ఇదే లెక్క అక్కడ ఇంకా బాగా పనికొస్తుంది.

చెరువు నీటికి ఆక్సిజన్ అందించే రెండు హార్స్‌పవర్ ఏరియేటర్ ఒకటి మూడు ఫేజుల మీద 3.2 ఆంపియర్లు లాగుతుంది. పది ఏరియేటర్లకు 32. ఆ కరెంటు మోసే కేబుల్లో తీగలు ఒకదానికొకటి సెంటీమీటరు ఎడంలో ఉంటాయి. మూడు ఫేజులూ సమానంగా ఉంటే కేబుల్‌కు మీటరు దూరంలో మిగిలే క్షేత్రం 0.08 మైక్రోటెస్లాలు మాత్రమే. ఇప్పుడు ఒక మోటారు సీలు పాడై నీరు చేరింది, ఒక ఆంపియరు చెరువు నీటిలోకి, అక్కడి నుంచి నేలలోకి లీకవుతోంది. ఆ ఒక్క ఆంపియరు కేబుల్ గుండా తిరిగిరాదు కాబట్టి దాన్ని రద్దు చేసేదేమీ లేదు. అది మీటరు దూరంలో 0.2 మైక్రోటెస్లాలు ఇస్తుంది. 32 ఆంపియర్లు దాచేసుకున్న దానికంటే రెండింతలు ఎక్కువ! ఐదు మీటర్ల దూరంలో తేడా ఇంకా పెరుగుతుంది: కేబుల్‌ది 0.003, లీకుది 0.04.

దీన్ని ఎలక్ట్రీషియన్ చేతిలోని టాంగ్ టెస్టర్‌తో ఎవరైనా చూడొచ్చు. దాని దవడలు ఒక ఫేజు తీగ చుట్టూ మూస్తే 32 అని చూపిస్తుంది. అన్ని ఫేజులనూ న్యూట్రల్‌తో సహా కలిపి ఒకేసారి దవడల్లో ఇరికిస్తే సున్నా. ఆంపియర్ పేరుతో చెప్పుకొనే నియమం ఇదే. ఏదైనా మూసిన వలయం వెంబడి క్షేత్రాన్ని కూడుకుంటూ ఒక చుట్టు తిరిగి వస్తే, వచ్చే మొత్తం ఆ వలయం లోపలి నికర కరెంటు మీద మాత్రమే ఆధారపడుతుంది. తీగ మధ్యలో ఉందా, పక్కకు ఒరిగిందా, బయట పక్కన ఇంకో తీగ ఉందా అన్నది ఆ కూడికను మార్చదు. అన్నిటినీ కలిపి పట్టినప్పుడు సున్నా రాకపోతే, ఆ చూపించిన అంకె లీకేజీ.

ఈఎల్‌సీబీ అని మనవాళ్ళు పిలిచే ఆర్‌సీసీబీ లోపల ఉన్నదీ ఇలాంటి ఇనుప వలయమే. తీగలన్నీ దాని మధ్యనుంచి వెళ్తాయి. ప్రాణరక్షణకు వాడే రకం 30 మిల్లీఆంపియర్ల తేడా దగ్గర తెగిపోవాలి. సెంటీమీటరు వ్యాసార్ధంలో ఆ తేడా కలిగించే క్షేత్రం, గాలిలో అయితే, 0.6 మైక్రోటెస్లాలు. వలయపు లోహం దాన్ని వేల రెట్లు పెంచి, చుట్టూ ఉన్న సన్నటి కాయిల్లో వోల్టేజి పుట్టించి, స్విచ్చిని లాగేస్తుంది. తడి కాళ్ళతో 230 వోల్టులు తాకిన మనిషి ఒంటి గుండా, నిరోధం వెయ్యి ఓములనుకుంటే, పారేది 230 మిల్లీఆంపియర్లు, పరికరం గుర్తించగల దానికి ఏడెనిమిది రెట్లు. కానీ ఒక చేత్తో ఫేజును, ఇంకో చేత్తో న్యూట్రల్‌ను పట్టుకున్నవారిని ఇది కాపాడలేదు. వెళ్ళింది వెళ్ళినట్టే వలయం గుండా తిరిగొస్తుంది, నికర కరెంటు సున్నా.

గట్ల మీద దీన్ని పెట్టాక ఊరికే ట్రిప్ అవుతోందని తీసేయడమో, బైపాస్ చేయడమో జరిగితే కారణం మళ్ళీ కూడికలోనే దొరుకుతుంది. 30 మిల్లీఆంపియర్ల పరికరం 15 దాటాక ఎక్కడైనా తెగిపోవచ్చు. తేమ వల్ల ఒక్కో ఏరియేటర్లో ఒకే ఫేజు నుంచి 3 మిల్లీఆంపియర్లు లీకవుతున్నా, పదింటినీ ఒకే పరికరం కిందికి తెస్తే 30. ప్రమాదకరమైన మోటారు ఒక్కటీ లేకుండానే చెరువంతా ఆగిపోతుంది, అర్ధరాత్రి ఆక్సిజన్ పడిపోతుందన్న భయంతో రైతు దాన్ని పక్కన పెట్టేస్తాడు. అదే ఐదు పరికరాలు పెట్టి ఒక్కోదాని కింద రెండేసి ఏరియేటర్లు ఉంచితే ఒక్కోదాని లోపలి లీకు 6 మిల్లీఆంపియర్లే. ఏది తెగినా మిగతా ఎనిమిదీ తిరుగుతూనే ఉంటాయి, సీలు పోయిన మోటారు ఏ రెండింటిలో ఉందో వెతక్కుండానే తెలుస్తుంది.